గాలికి దారి, నీటికి దారి

గౌతమి గోదావరి సముద్రంలో కలవబోయే చోట, కోరింగ మడ అడవుల పక్కన ఉన్న ఊరు యానాం. ఇక్కడి బడి ఆవరణలో పర్యావరణానికి మేలు చేసే సైన్సు భవనం కట్టాలని ఎవరు తలపెట్టినా రెండు వాదాలు ఎదురుపడి తీరతాయి. తుఫాను, వరద, ఉప్పుగాలి మూడూ ఉన్న ఊళ్ళో భవనం ముందు నిలబడాలి, తక్కినవన్నీ తర్వాత అన్నది ఒక వాదం. కరెంటు తాగకుండా, గాలికీ వెలుతురుకీ తెరుచుకుని ఉండాలి అన్నది రెండోది. ఈ రెంటినీ ఇద్దరి నోట పలికిస్తున్నాను. ఒకరు ప్రభుత్వ కట్టడాల్లో పనిచేసి రిటైరైన ఇంజనీరు, ఇంకొకరు సైన్సు మేష్టారు. వీళ్ళు ఫలానా మనుషులు కారు; కోస్తాలో ఏ బడికి భవనం మంజూరైనా ఈ రెండు గొంతులూ వినిపిస్తాయి. నా పక్షం ముందే చెప్పేస్తాను: నేను మేష్టారి వైపు. అయితే ఇంజనీరు అడ్డుపడకపోతే ఆ భవనం మొదటి పెద్ద తుఫానుకే పాడుబడుతుంది కనక ఆయన మాటను ఎక్కడా తగ్గించి రాయలేదు.

ఇంజనీరు: మీ ప్లాను చూశాను మేష్టారూ. ప్రతి గదికీ ఎదురెదురు కిటికీలు, పొడుగాటి వరండా, కింద ఖాళీ స్తంభాలు. బొమ్మగా బాగానే ఉంది. కానీ ఎక్కడ కడుతున్నామో చూడండి. 1839 నవంబరులో మన పక్కనే ఉన్న కోరింగ రేవును ఉప్పెన తుడిచిపెట్టేసింది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది, కోనసీమ కొబ్బరి తోటల్ని నేలకు పరిచింది. మన తీరంలో కట్టడాలకు లెక్కలోకి తీసుకోవాల్సిన గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2015లో సవరించిన భారత ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగం ప్రకారం ఆసుపత్రి, బడి, తుఫాను షెల్టరు లాంటివి తుఫాను వెళ్ళాక కూడా పనికి రావాలి కాబట్టి తూర్పు తీరంలో ఆ వేగాన్ని 1.3తో హెచ్చవేయాలి. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. చదరపు మీటరుకు 150 కిలోలుండే తోపుడు 250 దాటిపోతుంది. ఇలాంటి చోట గోడనిండా కిటికీలా? గట్టి గోడలు కట్టి, చిన్న కిటికీలు బిగించి, లోపల ఏసీలు పెట్టి, పైన సోలార్ పలకలు వేద్దాం. బిల్లు సోలారే కడుతుంది. గ్రీన్ భవనమన్న పేరూ వస్తుంది, పిల్లలూ భద్రంగా ఉంటారు.

మేష్టారు: బలం గురించి మీరన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా కాదనను ఇంజనీరు గారూ, దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ ఏసీ సంగతి తేల్చుకుందాం. మనం కడుతున్నది బ్యాంకు కాదు, కెమిస్ట్రీ ల్యాబు. పన్నెండో తరగతి పిల్లలు సాల్ట్ ఎనాలిసిస్ చేస్తుంటే హైడ్రోజన్ సల్ఫైడు వస్తుంది, అమ్మోనియా వస్తుంది, నత్రికామ్లం పొగ వస్తుంది. వాటిని బయటికి లాగాలి. దానికి పెట్టే ఫ్యూమ్ హుడ్ తలుపు మీటరుంపావు వెడల్పున, అరమీటరు ఎత్తున తెరిచి, గాలి సెకనుకు అరమీటరు వేగంతో లోపలికి లాగితే గంటకు వెయ్యి ఘనపు మీటర్లకు పైగా బయటికి పోతుంది. పది మీటర్ల పొడుగు, ఎనిమిది మీటర్ల వెడల్పున్న ల్యాబులో మొత్తం గాలే మూడొందల ఘనపు మీటర్ల లోపు. అంటే మీరు డబ్బు పోసి చల్లబరిచిన గాలిని ఒక్క హుడ్డే గంటకు మూడుసార్లకు పైగా ఊరి మీదికి తోసేస్తుంది. హుడ్డు కట్టేస్తే పిల్లలు ఆ పొగ పీలుస్తారు. ఇక సోలారు లెక్క చూడండి. అంత గదికి టన్నున్నర ఏసీలు అయిదైనా కావాలి. ఒక్కొక్కటి గంటకు యూనిట్టున్నర తిన్నా, ఆరుగంటల బడికి మొత్తం 45 యూనిట్లు. ఒక కిలోవాట్ సోలారు రోజుకు నాలుగు యూనిట్లిస్తుంది, పది చదరపు మీటర్ల కప్పు ఆక్రమిస్తుంది. లెక్కేస్తే ఆ ఒక్క ల్యాబుకు నూటపది చదరపు మీటర్ల పలకలు కావాలి. ల్యాబు విస్తీర్ణమే ఎనభై! రెండంతస్తులు కడితే కింది ల్యాబుకు కప్పే లేదు. అదే గదిలో 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు పది తిప్పితే రోజంతా కలిపి రెండు యూనిట్ల లోపు.

ఈ లెక్కే నాకు ఈ చర్చకు ఇరుసుగా కనిపిస్తుంది. పర్యావరణం పేరుతో మన దగ్గర జరిగేది చాలావరకు మూసిన భవనం కట్టి దాని మీద పలకలు అమర్చడమే. అవసరాన్ని పెంచి, ఆ పెరిగిన అవసరాన్ని తీర్చే యంత్రాన్ని కొని, దానికి ఆకుపచ్చ రంగు వేయడం. భవనం ఎటు తిరిగి ఉంది, నేల ఎంత ఎత్తు, గాలి ఎటు వచ్చి ఎటు పోతుంది, నీడ ఎక్కడ పడుతుంది అన్నవి మొదటి గీత గీసేటప్పుడే తేలాలి. ఆ గీతకు ఖర్చు లేదు. అది తప్పితే మాత్రం తర్వాత ఎంత డబ్బు పోసినా దిద్దలేం. ఇంజనీరు మాత్రం మేష్టారి లెక్కకు సులువుగా లొంగలేదు.

ఇంజనీరు: మీరు ఏసీని మరీ దోషిని చేస్తున్నారు. హైదరాబాదులో సి.ఐ.ఐ. సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరు చూడండి. 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా వెలుపల, లీడ్ అనే గ్రీన్ భవన ప్రమాణంలో ప్లాటినం రేటింగు అందుకున్న మొట్టమొదటి భవనం అది. అందులో ఏసీ లేదా? గాలి బురుజులు, కప్పు మీద పచ్చిక, పైన సోలారు, అన్నీ కలిపి చక్కగా చేశారు. దాన్నే చిన్నగా చేసి ఇక్కడ పెడదాం.

మేష్టారు: గొప్ప భవనమండీ. మధ్యలో ఆకాశానికి తెరిచిన వాకిలి, జాలీ గోడలు, వాడిన నీటిని మొక్కల వేళ్ళతో శుభ్రం చేసే పద్ధతి, ఇవన్నీ నేర్చుకోదగ్గవే. కానీ అది దక్కను పీఠభూమి మీద ఉంది. అక్కడి ఎండాకాలం గాలి పొడి. తడి తగిలితే చల్లబడుతుంది, రాత్రికి రాళ్ళూ చల్లబడతాయి. మన దగ్గర గాలే తడి. దానికి ఇంకాస్త తడి కలిపితే ఉక్క పెరుగుతుంది తప్ప చల్లదనం రాదు. రాత్రికీ పగటికీ తేడా తక్కువ కాబట్టి మందపు గోడలు కూడా ఇక్కడ పెద్దగా ఆదుకోవు. ఉక్కపోతలో ఒంటికి హాయినిచ్చేది ఒక్కటే, చర్మం మీద పారే గాలి. ఫ్యాను గాలో కిటికీ గాలో తగులుతుంటే రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టే ఉంటుంది. ఇంకో సంగతి. రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే రోజుల్లో బడికి సెలవులు. ఏడాదిలో అన్నిటికన్నా వేడి వారాల్లో ఖాళీగా ఉండే భవనానికి ఆ వేడిని లెక్కగట్టి ఏసీలు కొనడం ఏం న్యాయం?

మనకు కావలసిన నమూనా హైదరాబాదులో లేదండీ, మన కేంద్రపాలిత ప్రాంతపు రాజధానిలోనే ఉంది. పుదుచ్చేరి అరవిందాశ్రమం వాళ్ళ గోల్కొండ్ వసతి గృహం. 1937లో పని మొదలైంది. గీసింది ఆంటోనిన్ రేమండ్, దగ్గరుండి కట్టించినవాళ్ళలో జార్జ్ నకషిమా ఒకరు. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ ఇప్పించిన విరాళం వల్ల దానికి మన గోల్కొండ పేరు వచ్చింది. సముద్రం పక్కన, ఇదే ఉక్కలో, ఏసీ లేకుండా నడుస్తున్న కాంక్రీటు భవనం. పొడుగు తూర్పు పడమరలుగా ఉంటుంది. ఉత్తరం, దక్షిణం ముఖాలు రెండూ అడ్డపలకలే. వాటిని తిప్పి గాలిని ఎంత కావాలంటే అంత రానివ్వొచ్చు, ఎండనూ వాననూ ఆపొచ్చు. ఉత్తరాన నడవ, దక్షిణాన గదులు. గది తలుపులు కూడా సందులున్న టేకు పట్టీలే కనక తలుపు వేసినా గాలి ఆగదు. కప్పు మీద విడిగా వంపు పలకలు పేర్చి, వాటికీ స్లాబుకీ మధ్య గాలి తిరిగే సందు వదిలారు. ఏసీల కాలం రాకముందే ఇంత ఆలోచించారు వాళ్ళు.

అదే సూత్రం మన అక్షాంశానికి వేసుకుందాం. యానాం 16.7 డిగ్రీల ఉత్తరాన ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మధ్యలో మూడు నెలలు కాస్త ఉత్తరానికి జరుగుతాడు. డిసెంబరులో దక్షిణాన 50 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. కాబట్టి దక్షిణపు కిటికీకి సజ్జ చాలు. మీటరున్నర ఎత్తున్న కిటికీని పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరు రోజుల్లో మిట్టమధ్యాహ్నం పూర్తిగా నీడలో ఉంచడానికి అరమీటరు సజ్జ సరిపోతుంది. సజ్జతో ఆగనిది తూర్పు, పడమర ఎండ. పొద్దున్నా సాయంత్రం ఏటవాలుగా నేరుగా లోపలికొస్తుంది. ఆ రెండు చివర్లా కిటికీలు పెట్టకుండా మెట్లు, స్టోరు, మరుగుదొడ్లు పెడితే అవే ల్యాబులకు గొడుగవుతాయి. గాలి సంగతి కూడా ఇందులోనే కుదిరిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, ఎండాకాలం మధ్యాహ్నాలు సముద్రం మీంచి వచ్చే గాలి, రెండూ దక్షిణ ముఖానికి ఏటవాలుగా తగులుతాయి.

ఇంజనీరు: ఆశ్రమంలో భక్తితో తుడిచేవాళ్ళుంటారు మేష్టారూ. బడిలో తిప్పే పలక ప్రతిదీ ఆరునెలల్లో చేతికి ఊడొస్తుంది. అదలా ఉంచండి. దోమల మాటేంటి? గోదావరి దోమలకు మెష్ వేయకుండా ఎవరూ కూర్చోలేరు, మెష్ వేస్తే గాలి సగం చచ్చిపోతుంది. వీటన్నిటికన్నా పెద్దది తుఫాను. గోడలో ఖాళీ అయిదు శాతం లోపుంటే లోపలి ఒత్తిడి గుణకం 0.2 వేసుకుంటాం. ఇరవై దాటితే 0.7 వేయాలి. గాలికి ఎదురుగా ఉన్న ఒక్క కిటికీ పగిలినా లోపలికి దూరిన గాలి కప్పును కిందనుంచి ఎత్తుతుంది, పైన పోయే గాలి పైనుంచి లాగుతుంది. తుఫానుల్లో కప్పులు లేచిపోయేది ఇలాగే.

మేష్టారు: అయితే 0.7 వేసే డిజైన్ చేయండి, నేనడిగేది అదే. కిటికీ పగలదన్న నమ్మకంతో 0.2 వేసిన మూసిన భవనం, ఆ అద్దం పగిలిన క్షణం నుంచి తాను లెక్కలో లేని భవనమైపోతుంది. తెరిచి ఉంటుందని ముందే ఒప్పుకున్న భవనమే ఇక్కడ నిజాయితీగా లెక్కగట్టిన భవనం. రేకు వద్దు, స్లాబే వేద్దాం. పదిహేను సెంటీమీటర్ల స్లాబు చదరపు మీటరుకు 375 కిలోలు తూగుతుంది. దాన్ని దూలాలకూ స్తంభాలకూ ఇనుముతో కట్టిపడేయడం మీ పని. కిటికీలకు పెద్ద అద్దాలు అసలు వద్దు. బయటి వైపు గట్టి టేకు తలుపులు, లోపల మెష్. తిప్పే పలకలు నిలవవని మీరన్నది ఒప్పుకుంటాను. పైభాగంలో కదలని కాంక్రీటు జాలీ, కింద మూసే తలుపు పెడదాం. మెష్ తినేసే గాలికి బదులు కిటికీ అంతకంత పెద్దది చేద్దాం. మూసిన గోడకు అంత చోటుండదు, మన గోడకుంది. సోలారు కూడా వద్దనను. కొద్దిపాటి వాలుతో, స్లాబుకు దగ్గరగా, గాలి పోయే సందు వదిలి గట్టిగా బిగిస్తే ఆ పలకలే స్లాబుకు నీడ. ఫ్యాన్లకూ దీపాలకూ హుడ్డుకూ నాలుగైదు కిలోవాట్లు చాలు.

ఇక్కడ ఇంజనీరు కాసేపు లెక్క చూసుకుని ఇనుము ఎంత పెరుగుతుందో చెబుతానన్నారు. పెరుగుతుంది, అందులో అనుమానం లేదు. కానీ ఆ పెరిగిన ఖర్చు ఏసీలకు పెట్టేదాని లాంటిది కాదు. ఏసీకి పెట్టిన డబ్బు ఉప్పుగాలిలో కొన్నేళ్ళకే రాగి గొట్టాల తుప్పై పోతుంది. హైడ్రోజన్ సల్ఫైడు తగిలే గదిలో అయితే ఇంకా త్వరగా. స్లాబును పట్టి ఉంచే ఇనుము భవనం ఉన్నన్నాళ్ళూ ఉంటుంది.

ఇంజనీరు: సరే, గాలి అయింది. నీళ్ళ మాట చెప్పండి. 1986 ఆగస్టు గోదావరి వరద పెద్దవాళ్ళెవరూ మరిచిపోలేదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు యానాం వీధులు మునిగాయి. మామూలుగా మేం చేసేది మట్టి పోసి పునాది ఎత్తు చేయడం. మీరేమో స్తంభాల మీద నిలబెట్టి కింద ఖాళీ వదిలారు. 2001 జనవరి 26 భుజ్ భూకంపానికి అహ్మదాబాదులో కూలిన అపార్టుమెంట్లలో ఎన్నో ఇలా కింద పార్కింగుకని ఖాళీ వదిలినవే. పైన గోడల బరువు, కింద వట్టి స్తంభాలు. భూమి ఊగితే ఆ కింది అంతస్తే మడత పడుతుంది.

మేష్టారు: అందుకే కింద మొత్తం ఖాళీ వద్దు. రెండు చివర్లా మెట్ల చుట్టూ కాంక్రీటు గోడలు కింది నుంచి పైదాకా రానివ్వండి, ఊపును అవి పట్టుకుంటాయి. మధ్యలో మాత్రం నీటికి దారి ఉండాలి. మట్టి పోసి ఎత్తు చేస్తే మన భవనం బాగానే ఉంటుంది, కానీ ఆ నీళ్ళెక్కడికి పోతాయండీ? పక్క పేటలోకే పోతాయి. బడి తన పిల్లలు ఉండే ఇళ్ళ మీదికి నీళ్ళు తోయకూడదు. స్తంభాల మీద కట్టడం నా కల్పన కూడా కాదు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత మన తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు అలాగే లేచాయి, వాటిలో బళ్ళు నడిచాయి. మీ ఇంజనీర్లే కట్టారు. ఆ షెల్టరును సైన్సు భవనంగా మార్చడమే నేను చేసేది.

పైగా సైన్సు భవనానికి వరద వస్తే అది మామూలు తరగతి గదికి వచ్చినట్టు కాదు. స్టోరులో కిరసనాయిల్లో ముంచి ఉంచిన సోడియం ముక్క ఉంటుంది. సీసా బోర్లపడి నీళ్ళు తగిలితే మండి పేలుతుంది. యాసిడ్ సీసాలు, సీసం ఉప్పులు, పాదరసం ఉన్న పాత పరికరాలు నీళ్ళలో కలిస్తే అవన్నీ చెరువుల్లోకి, గౌతమిలోకి, అక్కణ్ణుంచి మడ అడవుల్లో గుడ్లు పెట్టే చేపల దగ్గరికి పోతాయి. నిండు తక్కువైన గ్యాసు సిలిండరు తేలుతుంది, పైపు తెంచుకుపోతుంది. అందుకని కెమిస్ట్రీ ల్యాబు, రసాయనాల స్టోరు రెండూ పైఅంతస్తులోనే. సిలిండర్లు పైన వరండాలో, ఇనప చట్రంలో, గోడకు కట్టి. ఎల్.పి.జి., హైడ్రోజన్ సల్ఫైడు రెండూ గాలికన్నా బరువు కాబట్టి పై జాలీతో పాటు నేలకు ఆనుకుని కూడా కంతలు ఉండాలి. అగ్నిప్రమాదం వస్తే దిగడానికి రెండు చివర్లా మెట్లున్నాయి. కింద స్తంభాల మధ్య చోటు వానాకాలం ప్రార్థనకు, సైకిళ్ళకు, బయట చేసే ప్రయోగాలకు పనికొస్తుంది.

ఇంజనీరు: సోడియం సంగతి నాకు తట్టలేదండీ, అది ఒప్పుకోవాల్సిందే. అయితే మీ కాగితంలో లేనిది నేనొకటి చెబుతాను. మీరు కరెంటు గురించే మాట్లాడుతున్నారు. ఈ తీరంలో భవనాన్ని చంపేది ఉప్పు. స్తంభం పగుళ్ళలోంచి క్లోరైడు లోపలికి పోయి ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా రాలుస్తుంది. పాతికేళ్ళకు భవనం పడగొట్టి మళ్ళీ కడితే మీరు మిగిల్చిన యూనిట్లన్నీ ఆ కొత్త సిమెంటులో కొట్టుకుపోతాయి. ఐ.ఎస్. 456 ప్రకారం తీవ్రమైన వాతావరణానికి కనీసం ఎం-30 కాంక్రీటు, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలి. సైటులో కవరు బిళ్ళలు సరిగ్గా పెట్టక ఇరవైకే పోసేస్తుంటారు. రెండోది, మామూలు సిమెంటు బదులు స్లాగ్ సిమెంటు వాడదాం. ఉక్కు ఫ్యాక్టరీ కొలిమి స్లాగును ఐ.ఎస్. 455 ప్రకారం 25 నుంచి 70 శాతం దాకా కలపొచ్చు. విశాఖ ఉక్కు మనకు దగ్గరే. ఉప్పును బాగా అడ్డుకుంటుంది, సున్నపురాయి కాల్చి చేసే క్లింకరు కూడా అంతమేర తగ్గుతుంది. గట్టిపడటం నిదానం కనక క్యూరింగు ఎక్కువ రోజులు చేయాలి, కాంట్రాక్టరు తొందరపెడితే వినకూడదు. ఆ క్యూరింగు కూడా మంచినీళ్ళతోనే. ఉప్పు బోరు నీళ్ళు పోశామో, చేజేతులా విషం పోసినట్టే.

మొత్తం చర్చలో అన్నిటికన్నా విలువైన మాట ఇదేనని నా అభిప్రాయం. ఎక్కువకాలం నిలిచే భవనమే తక్కువ వనరులు తినేది. గాలీ వెలుతురూ అని మాట్లాడేవాళ్ళు కవరు బిళ్ళల్ని పట్టించుకోరు, కవరు చూసేవాళ్ళు గాలిని పట్టించుకోరు. మేష్టారు ఈ మాటను ఊరికే ఒప్పుకుని వదిలేయలేదు.

మేష్టారు: ఇనుమున్న కాంక్రీటుకు వాడే నీళ్ళలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కదండీ మీ నియమం. ఆ పరీక్ష మా పిల్లలు చేస్తారు. సిల్వర్ నైట్రేటు బ్యూరెట్లో పోసి, పొటాషియం క్రోమేటు రెండు చుక్కలు వేసి, పసుపు రంగు ఇటుకరంగుకు తిరిగేదాకా చుక్కచుక్కగా వదలడమే. ఇప్పుడున్న ల్యాబులోనే వారం వారం సైటు నీళ్ళు తెచ్చి కొలుస్తారు, ఇసుక కడిగిన నీళ్ళూ కొలుస్తారు. లెక్క మీ కొలతల పుస్తకంలో రాసుకోండి. అధికారిక పరీక్ష మీరెలాగూ చేయిస్తారు. కానీ రోజూ చూసే కళ్ళుంటే పని తీరు వేరుగా ఉంటుంది.

ఇంజనీరు: పిల్లల్ని సైటు మీద తిప్పడం నాకిష్టం లేదు, ప్రమాదం. నీళ్ళ సీసా తెచ్చి ఇవ్వమంటే సరే. కానీ భవనమంటే పాఠం అని మీరు మొదలుపెడితే నాకు భయమేస్తుంది. భవనం వాడుకోవడానికి కడతాం. చదువు పుస్తకాల్లో ఉంది.

మేష్టారు: పుస్తకంలో ఉష్ణప్రసారం, సంవహనం, సాపేక్ష ఆర్ద్రత అన్నీ ఉన్నాయి. పిల్లవాడు వాటిని రాసి మార్కులు తెచ్చుకుంటాడు, తనింటి స్లాబు కింద రాత్రి పదింటికి కూడా ఎందుకు ఉడికిపోతున్నాడో మాత్రం చెప్పలేడు. ఇక్కడ సోలారు నీడ ఉన్న స్లాబు కింద ఒక థర్మామీటరు, నీడ లేని మెట్లగది స్లాబు కింద ఒకటి పెడితే ఆ తేడా వాడే చదువుతాడు. కప్పు మీద వర్షమాపకం, గాలివేగం కొలిచే పరికరం, కరెంటు మీటరు అందరికీ కనబడే చోట. నీళ్ళ గొట్టాలు గోడలో పూడ్చకుండా బయట, రంగులు వేసి. ఖర్చు పెరగకపోగా, గొట్టం కారితే గోడ పగలగొట్టే పని తప్పుతుంది. కట్టినవాళ్ళ అంచనా తప్పితే అది కూడా పిల్లల లెక్కలోనే బయటపడుతుంది. దానికి మనం సిద్ధంగా ఉండాలి.

వాడుకునే నీళ్ళ సంగతి మీద ఇద్దరికీ పెద్ద తగువు రాలేదు. ఇక్కడ ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. రెండొందల యాభై చదరపు మీటర్ల కప్పు మీద పడినదాంట్లో ఎనభై శాతం పట్టినా రెండు లక్షల లీటర్లు దాటుతుంది. డెల్టా బోర్లలో ఉప్పు తగిలే ఊళ్ళో ల్యాబుకు ఇంతకన్నా మంచి నీళ్ళు లేవు. మొదటి వాన నీళ్ళు ఉప్పు దుమ్ముతో ఉంటాయి కాబట్టి బయటికి వదిలి, తర్వాతివి ట్యాంకులోకి మళ్ళించాలి. కానీ ఎంత పట్టామన్నదానికన్నా ఎంత పారబోశామన్నది ముఖ్యం. డిస్టిల్డ్ వాటరు తీసే కండెన్సరుకు కుళాయి నీళ్ళు నిమిషానికి లీటరు చొప్పున వదిలితే గంటకు అరవై లీటర్లు సింకులో పోతాయి. ఒక బకెట్టు, చిన్న పంపు పెట్టి అవే నీళ్ళు తిప్పితే చాలు. సాల్ట్ ఎనాలిసిస్ నాలుగో వంతు మోతాదులో చేయిస్తే రసాయనం ఖర్చూ తగ్గుతుంది, పొగా తగ్గుతుంది, వ్యర్థమూ తగ్గుతుంది. యాసిడ్ నీళ్ళను సున్నంతో తటస్థం చేశాకే వదలాలి. సీసం, క్రోమియం ఉన్నవి విడి డబ్బాలో పోసి, అలాంటి వ్యర్థాలు తీసుకునేవాళ్ళకు అప్పగించాలి, కాల్వలో పోయకూడదు.

ఇంజనీరు: చివరగా డబ్బు. ఇవన్నీ చట్టం అడగడం లేదు మేష్టారూ. ఇంధన పొదుపు భవన నియమావళి వంద కిలోవాట్లు, అంతకు మించి లోడున్న వాణిజ్య భవనాలకే వర్తిస్తుంది. మన భవనం అందులో పదోవంతు. అడగనిదానికి మంజూరు తేవడం ఎంత కష్టమో మీకు తెలీదు.

మేష్టారు: అడగనిది నిజమే. కానీ మనం కొత్తగా ఏం అడుగుతున్నాం? ఏసీలు తీసేశాం. పెద్ద అద్దాలు తీసేశాం. ఇరవై కిలోవాట్ల సోలారు నాలుగైదుకు దించాం. ట్రాన్స్‌ఫార్మరు, జనరేటరు సైజు తగ్గింది. ఆ మిగిలిందంతా స్తంభాలకు, ఇనుముకు, స్లాగ్ సిమెంటుకు, టేకు తలుపులకు పోతుంది. ఎస్టిమేటులో శీర్షికలు మారతాయి, మొత్తం పెద్దగా మారదు. ఇంకొకటి, పుదుచ్చేరి ఇక్కడికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. చెడిపోతే అక్కణ్ణుంచి మనిషి రావాల్సిన యంత్రం కన్నా యానాం వడ్రంగి బాగుచేయగల తలుపు నయం.

ఇంజనీరు: మీ వాదం గాలి అన్నిటికీ మందన్నట్టు పోతోంది. బ్యాలెన్సు మీద మిల్లీగ్రాములు తూచేటప్పుడు మీ ఎదురుగాలి వీస్తే ఎలా? అద్దాల ప్రయోగాలకు చీకటి అక్కర్లేదా? కంప్యూటర్ల సంగతేంటి?

మేష్టారు: అక్కడ మీరన్నదే సరి. బ్యాలెన్సు గదికి గాలి పనికిరాదు, మూసిన గది కావాలి. కాంతి ప్రయోగాల గదికి నల్ల తెరలు కావాలి. ఈ రెండూ పడమటి చివర, స్టోరు గోడ నీడలో పెడదాం. కంప్యూటర్లు, మైక్రోస్కోపులు ఉండే గదికి ఒక్క ఏసీ ఇవ్వండి. తడికి మైక్రోస్కోపు లెన్సుల మీద బూజు పడుతుంది, ఆ ఖర్చు ఇంకా ఎక్కువ. కప్పు కింద వేడిని ఆపే పొర వేసి, తలుపు గట్టిగా మూసుకునేలా చేసి, ఆ ఒక్క గదినే మూద్దాం.

ఇంజనీరు: అలాగైతే నాకు ఇంకో షరతు ఉంది, అది ఒప్పుకుంటేనే కప్పుకు 0.7 వేసి మీ కిటికీలకు సంతకం పెడతాను. టేకు తలుపులు వేయడం కాదు, తుఫాను రోజున అవి మూసుకోవాలి. బందులు బిగుసుకుపోయి, గడియ తుప్పు పట్టి ఉంటే అన్ని లెక్కలూ వృథా. ఏటా సెప్టెంబరు నెలాఖరుకు, ఈశాన్య రుతుపవనాలకు ముందే, ప్రతి బందుకూ నూనె వేసి, ప్రతి గడియా వేసి చూసి, విరిగింది మార్చాలి. దానికయ్యే డబ్బు భవనం ఎస్టిమేటుతోనే విడిగా పదేళ్ళకు మంజూరవ్వాలి. రేవులో మూడో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేసిన రోజున ఎవరు మూస్తారో, సెలవైతే తాళాలు ఎవరి దగ్గరుంటాయో పేరు కాకుండా హోదాతో రాసి గోడకు అతికించాలి.

మేష్టారు: రాయండి. బందులు ఇత్తడివి వేయించండి, ఇనపవి వద్దు. తాళం ఒకటి ల్యాబ్ అసిస్టెంటు దగ్గర, రెండోది వాచ్‌మన్ దగ్గర.